డౌన్‌పైప్ మార్చిన చలికాలం

ఆ గొట్టం నాకు అవసరం లేదు. ముందే చెప్పేస్తే సగం సిగ్గు తీరుతుందేమోనని చెబుతున్నాను గానీ, తీరదని నాకూ తెలుసు.

టర్బో అంటే ఇంజన్ వదిలే పొగ వేగంతోనే తిరుగుతూ, ఇంజన్‌లోకి మరింత గాలి నెట్టే చిన్న పంకా. ఆ పొగ టర్బో దాటగానే కిందికి దిగే మొదటి గొట్టమే డౌన్‌పైప్. కంపెనీవాళ్లు పెట్టినదాంట్లో పొగను శుభ్రం చేసే జల్లెడ లాంటిది ఒకటి ఉంటుంది. అది పొగకు అడ్డం పడుతుందని, దాన్ని తీసేసి లావుపాటి గొట్టం చేయించుకుంటే బండి ఉరుకుతుందని, శబ్దం కూడా గంభీరంగా వస్తుందని వీడియోల్లో చూశాను. ఢిల్లీ పొలిమేరలోని బదర్‌పూర్ ట్రాఫిక్‌లో ఉరికి ఎక్కడికి పోతానో మాత్రం ఆలోచించలేదు.

ఫరీదాబాద్‌లో మేముండే సెక్టార్‌కి దగ్గర్లోనే, ఫ్యాక్టరీల వెనక సందులో ఒకతను సైలెన్సర్లు వెల్డింగ్ చేసేవాడు. ఉదయం బండి అప్పజెప్పి నేనూ అక్కడే కూర్చున్నాను. సాయంత్రానికి స్టీలు గొట్టం తయారైంది. చూడముచ్చటగా ఉంది. తీరా బిగించబోతే దాని మూతి టర్బో మూతికి సరిగ్గా ఆనలేదు. ఒకవైపు సన్నటి సందు. పైగా పొగ బయటికి రాకుండా రెంటి మధ్యా పెట్టాల్సిన కొత్త గాస్కెట్ ఇంకా రాలేదు.

"సర్, గాస్కెట్ కల్ ఆయేగా. కల్ లగా దూఁ?" అన్నాడతను, రేపొస్తుంది, రేపే బిగించనా అని.

"పురానా హీ లగా దో భయ్యా, చలేగా," అన్నాను. పాతదే పెట్టెయ్, పర్లేదని.

ఇంకాసేపట్లో ఢిల్లీలో, సాకేత్‌లోని ఆఫీసు దగ్గర మా ఆవిణ్ణి ఎక్కించుకోవాలి. ఆ శబ్దం ఆ రోజే వినిపించాలి. అదీ నా తొందర. నేనే కారు కింద దూరి రెండు చేతులతో గొట్టాన్ని పైకి నెట్టిపట్టాను. అతను బోల్టులు బిగించి సందు మూసేశాడు. స్టార్ట్ చేస్తే గుండె ఝల్లుమంది. మా ఆవిడ మాత్రం ఎక్కగానే, "దీనికి జలుబు చేసిందా?" అంది.

దీపావళి అయ్యాక కాకినాడ నుంచి మా అత్తయ్యగారు వచ్చారు. పోస్టాఫీసు ఉద్యోగంలోంచి అప్పుడే రిటైరయ్యారు. "ఈసారి సెలవులు లెక్కపెట్టుకోనక్కర్లేదు బాబూ, ఎండలు ముదిరేదాకా ఉంటాను," అని రాగానే చెప్పారు. ఎన్నో ఏళ్లుగా కూతురి దగ్గర తీరిగ్గా ఉండాలని ఆవిడ కోరిక. నేను ఇంటి నుంచే పనిచేస్తాను కాబట్టి సాయంత్రం కాగానే ఇద్దరం కారులో సాకేత్ వెళ్లేవాళ్లం. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆవిడ ముందు సీట్లోనే. వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి కూర్చుని కూతురితో కబుర్లు. ఇంటికొచ్చాక మా ఆవిడ మళ్లీ లాప్‌టాప్ ముందు కూర్చుంటుంది కాబట్టి వాళ్లిద్దరికీ దొరికే సమయం అదే.

వారం తిరక్కుండానే అత్తయ్యగారికి తలనొప్పి మొదలైంది. కళ్ల మంటలు, వికారం. నాక్కూడా తల బరువుగానే ఉండేది, ఆఫీసు పని అనుకుని మాత్ర వేసుకునేవాణ్ణి. ఆవిడ విషయంలో మాత్రం పెద్ద డాక్టరులా తేల్చేశాను.

"ఢిల్లీ గాలండీ అత్తయ్యగారూ. ఇక్కడి చలికాలం మీకు పడదు."

ఎవరు కాదంటారు? ఊరంతా మసక, ఊరంతా పొగ వాసన. ఇక నా హడావుడి చూడాలి. గాలి శుద్ధిచేసే యంత్రం కొన్నాను. ఆవిడకి మాస్కులు తెచ్చాను. బాల్కనీ తలుపు తియ్యొద్దన్నాను. పొలాల్లో గడ్డి తగలబెట్టేవాళ్లని, టపాకాయలు కాల్చేవాళ్లని, మనుషులకి బుద్ధి లేకపోవడాన్ని గురించి భోజనాల దగ్గర ఉపన్యాసాలిచ్చాను. మాట్లాడుతున్నది కారులోంచి పొగ జల్లెడ ఉన్న పాత గొట్టం పీకి బాల్కనీలో పాత పేపర్లలో చుట్టి పెట్టిన మనిషి. ఇప్పుడు తలుచుకుంటే నా మొహం నాకే చూడబుద్ధి కాదు.

కారులో ఆవిడ మాటిమాటికీ కిటికీ దింపబోయేవారు. "కాస్త గాలి ఆడటం లేదు బాబూ," అనేవారు. "బయట విషమండీ," అని ఎత్తించేవాణ్ణి. రెండుమూడుసార్లు అలా అయ్యాక విసుగొచ్చి, నా తలుపు మీదున్న బటన్ నొక్కి ఆ కిటికీని లాక్ చేసేశాను. ఆవిడ స్విచ్ నొక్కారు. కదల్లేదు. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

తర్వాత కాకినాడకి టికెట్ కూడా నేనే బుక్ చేశాను. మా ఆవిడ వంటింట్లోకి పిలిచి, "ఉంటానని వచ్చిన అమ్మని పంపించేస్తావా?" అంది. "ఆవిడ ఆరోగ్యం కోసమే కదే," అన్నాను. అత్తయ్యగారు, "అలాగే బాబూ, మీరెలా అంటే అలా," అన్నారు.

ప్రయాణం ముందురోజు చివరిసారిగా ఇద్దరం సాకేత్ బయల్దేరాం. గాలి ఎంత పాడైందో చూపించే మీటరొకటి అంతకుముందే కొన్నాను. బయట ఎలా ఉందో మీరే చూడండని ఇంట్లోంచి కదలకముందే దాన్ని ఆవిడ చేతిలో పెట్టాను. బదర్‌పూర్ దాటాక ఆవిడ మెల్లగా అడిగారు.

"బాబూ, ఇది ఇంట్లో తక్కువ చూపించింది. మెట్ల దగ్గర పెరిగింది. కార్లో కూర్చున్నాక ఇంకా పెరుగుతోందేంటండీ?"

"అది సరిగ్గా పనిచెయ్యట్లేదేమోనండీ."

"పోనీ బయట పెట్టి చూడనా?"

ఒళ్లు మండింది. ఆవిడకి రుజువు చేసి చూపించాలని సిగ్నల్ దగ్గర నేనే ఆ కిటికీ దింపాను. ఆవిడ మీటరు బయట పెట్టారు. అంకె తగ్గింది. లోపలికి తెచ్చాక నేను కిటికీ ఎత్తితే పెరిగింది. మళ్లీ దింపాను, ఆవిడ మళ్లీ బయట పెట్టారు, మళ్లీ తగ్గింది. మిగతా దారంతా అద్దాలన్నీ దింపే నడిపాను.

సాకేత్‌లో బండి నిలిపి, ఇంజన్ ఆపకుండానే బానెట్ ఎత్తి ఫోన్ లైటు వేశాను. టర్బోకీ, నేను ముచ్చటపడి చేయించుకున్న గొట్టానికీ మధ్య అతుకు చుట్టూ నల్లటి మసి. దూరంగా చెయ్యి పెడితే వేడి గాలి పుసపుసమని తగిలింది. ఆ గాలే ఇన్నాళ్లూ ఏసీ రంధ్రాల గుండా లోపలికి వచ్చి, మూసిన అద్దాల మధ్య మా ముక్కుల్లోకి పోయింది. అందులో వాసన కూడా తెలియని విషం ఉంటుంది.

అప్పుడే మా ఆవిడ వచ్చింది. "మీరిద్దరూ మెట్రోలో వెళ్లండి," అన్నాను. ఎందుకంది. చెప్పాను. పాత గాస్కెట్, బలవంతంగా మూసిన సందు, అన్నీ చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. వాళ్లమ్మ భుజం పట్టుకుని నిలబడింది.

అత్తయ్యగారు కాసేపు ఆ ఇంజన్ వైపు చూశారు.

"అయితే నాకు ఢిల్లీ పడకపోవడం కాదన్నమాట."

"కాదండీ."

"నేనుండటం మీకు ఇబ్బందేమో, ఆ మాట చెప్పలేక గాలి పేరు చెబుతున్నారేమో అనుకున్నాను బాబూ. మొన్న వాంతులైనా అమ్మాయికి కూడా చెప్పలేదు. చెబితే ఇంకా ముందే పంపేస్తారని."

నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్లిద్దరూ మెట్రో వైపు నడిచి వెళ్తుంటే బానెట్ మూయకుండా అలాగే నిలబడ్డాను.

మర్నాడు వాళ్లిద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చారు. భయం లేదన్నారు. మా ఆవిడ టికెట్ క్యాన్సిల్ చేసింది. నేను బాల్కనీలోంచి పాత గొట్టం తీసి తుడుచుకుని, కొత్త గాస్కెట్ వచ్చేదాకా ఆగి మరీ బిగించుకొచ్చాను. స్టీలు గొట్టాన్ని ఆ వెల్డింగతని దగ్గరే వదిలేశాను. కారు మళ్లీ మామూలుగా మోగింది.

చాలా రోజులు అత్తయ్యగారు మెట్రోలోనే కూతురికి ఎదురెళ్లారు. నేను రమ్మనలేదు, అడగడానికి మొహం చెల్లలేదు. ఒక ఆదివారం ముగ్గురం ఎక్కడికో బయల్దేరుతుంటే ఆవిడే వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. ఆ రోజు గాలి నిజంగానే బాగోలేదు. కిటికీ స్విచ్ నొక్కారు. కదల్లేదు. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ లాక్ నేను ఇంకా తియ్యనే లేదని.