రాణి గుహలోకి దిగిన పేజీ

ఈరోజు మదనపల్లెలో పాత పుస్తకాల బండి దగ్గర రాజులు, మాంత్రికులు ఉన్న లావుపాటి నవల ఒకటి తెరిచాను. ముక్కిపోయిన కాగితం వాసనకు పాత భయం ఒకటి గుర్తొచ్చింది. అట్టలూడిన అద్దె పుస్తకాలు చదివి పెరిగిన మీకు ఆ వాసన చెప్పక్కర్లేదు.

తొంభైల్లో, నాకు పదేళ్లప్పుడు, ఇక్కడి ఆసుపత్రిలోనే అమ్మకు ఆపరేషన్ జరిగింది. పుంగనూరు నుంచి తెచ్చుకున్న అలాంటి నవలనే బయట బెంచీ మీద కూర్చుని అవ్వకు చదివి వినిపిస్తున్నాను. బిడ్డలను కాపాడుకోవడానికి రాణి ఒంటరిగా నాగుల గుహలోకి దిగింది. పేజీ తిప్పడానికి నాకు చెయ్యి రాలేదు. రాణి చచ్చిపోతే అమ్మా చచ్చిపోతుందనిపించింది.

"యాలమ్మా ఆపేసినావు?" అంది అవ్వ.

"రాణి బయటికి రాదేమో అవ్వా."

అవ్వ పుస్తకం తీసుకుని పేజీ తిప్పింది. "ఈడ రాసుండాది సూడు. రాణి వస్తాండాది, దారిలో ఉండాది," అని వేలు పెట్టి చదవసాగింది. అవ్వకు అక్షరం రాదని నాకు తెలుసు. అయినా ఆమె కొంగు పట్టుకుని విన్నాను.

నర్సు వచ్చి, "తెలివొచ్చిందవ్వా, మీ కూతురు బాగుండాది," అని చెప్పేదాకా అవ్వ చదవడం ఆపలేదు.