తూర్పున వినబడిన హోరు

నిన్న ఉదయం నేను, మన తీరం గురించి రాసిపెట్టిపోయిన ఒక పాతకాలపు నావికుడికి మనసులోనే క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. మంచు పట్టిన ఒక ఉదయాన ఆయన తీరానికి పడమటనున్న ఉప్పునీటి మడుగును చూసి సముద్రమనుకున్నాడని ఒక కథ ఉంది. పోయిన నెల ఒక చరిత్ర సభలో ఆ కథ చెప్పి, "తూర్పేదో తెలియనివాడి సాక్ష్యానికి విలువెంత?" అని అందరినీ నవ్వించాను.

మా పక్కింటి రూతమ్మక్క విడవలూరు అవతల ఒక తీరగ్రామంలో నర్సు. నిన్న అక్కడ పసిపిల్లలకు టీకాల రోజు. పొగమంచుకు బస్సు కదల్లేదు. పెట్టెలోని ఐసు కరిగేలోగా, తొమ్మిదింటికల్లా, టీకాలు చేరాలి. కారు నేను తీశాను.

"పెద్ద లైటు ఆపండి సార్. మంచుకు తగిలి మన కళ్ళకే కొడతాది."

వెలుగు పెరిగితే చూపు పెరుగుతుందని నా సిద్ధాంతం. అయినా తగ్గించి చూశాను. ఎదుట తెల్లగోడ కాస్త వెనక్కి జరిగి, నాలుగు గజాల రోడ్డు బయటపడింది. మొదటి సిద్ధాంతం అక్కడ కూలింది.

"అద్దాలు దించండి. కనబడనప్పుడు వినాల. ఎడంపక్క తెల్లగీత వదలబాకండి, ఇరవై దాటబాకండి."

అలాగే నడిచింది, రోడ్డు రెండుగా చీలేదాకా.

"తూర్పుకు తిప్పండి సార్."

మా పల్లెల్లో దారి చెప్పేటప్పుడు కుడి ఎడమలుండవు, దిక్కులే. సూర్యుడి జాడ లేదు. కోటగుమ్మాలు ఏ దిక్కున ఎందుకున్నాయో గంటసేపు చెప్పగల నేను, తూర్పెటని ఎలా అడగను? సరిగ్గా అప్పుడే ఎడమవైపు నుంచి ఎడతెగని నీళ్ళ హోరు వినిపించింది. సముద్రం ఉన్నదే తూర్పు. ఇంతకు మించిన ఆధారం దేనికి? ఎడమకు తిప్పాను.

"సార్, అది..."

"వింటున్నానక్కా. సముద్రం."

"సముద్రం కాదు సార్, ఏరేటర్లు. రొయ్యల గుంతల్లో నీళ్ళు చిలికే మోటార్లు."

ఆమె మాట పూర్తయ్యేసరికి ముందుచక్రం గుంతగట్టు బురదలోకి జారింది. కారు ఒక పక్కకు ఒరిగింది.

ఆమె వెంటనే దిగింది. "బ్రేకు మీద కాలు తీయబాకండి. నాలుగు లైట్లూ వెయ్యండి" అని, టీకాల పెట్టెను గట్టు మీద భద్రంగా దించి, అక్కడ పడివున్న ఖాళీ మేతసంచులు రెండు తెచ్చి చక్రం కింద దోపింది. తర్వాత పక్కకు తొలగి, "ఇప్పుడు వెనక్కి రాండి. నిదానంగా... ఇంకొంచెం... చాలు" అంది. కారు రోడ్డెక్కింది. చీలిక దగ్గరికి తిరిగొచ్చి, ఈసారి కుడికి తిప్పాను.

మిగతా దారంతా ఆమె చెవులే నడిపాయి. "ఇది ఐసు ఫ్యాక్టరీ మోటారు. దీని తర్వాత మలుపు, హారన్ కొట్టండి." మలుపు వచ్చింది. "ఈడ గేదెలుంటాయి." ఉన్నాయి. అరిగిన శాసనాన్ని అక్షరం అక్షరం తడిమి చదివేవాళ్ళను చూశాను గానీ, కనబడని రోడ్డును ఇంత తప్పుల్లేకుండా చదివిన మనిషిని చూడలేదు.

తొమ్మిదికి అయిదు నిమిషాలుండగా, టీకాల కేంద్రం కనబడకముందే పిల్లల ఏడుపులు వినిపించాయి. పెట్టె తెరిస్తే ఐసు గట్టిగానే ఉంది.

"ఏందక్కా, ఈపూట కార్లో దిగినావు?" అని ఒక తల్లి అడిగింది.

"సారు సముద్రం చూపిస్తానని పడమటికి తీసకపోయినాడు" అంది రూతమ్మక్క, సూదిలోకి మందు ఎక్కిస్తూ.

ఆ నావికుడికి నేను నిజంగా అన్యాయం చేశాను. ఆయన పక్క సీట్లో రూతమ్మక్క లేదు.