అమ్మ పెంచిన మేకపోతు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కూర కోసం పెంచే జీవాలకు పేర్లు పెట్టేవాళ్లం కాదు. ఏన్కూరు దాటినాక అడవి మొదలయ్యే చోట మా ఊరు. మాంసం కొనుక్కొచ్చుకునే అలవాటు మా వాడలో ఎవరికీ లేదు. పెరట్లో కొన్ని కోళ్లు, ఒకటో రెండో మేకలు ఉండేవి. పండుగొచ్చినా చుట్టాలొచ్చినా వాటిలో ఒకటి పోయేది. కోడిని కోస్తే ఈకలు పీకడానికి పిల్లలం చుట్టూ కూర్చునేవాళ్లం. చిక్కుడుకాయలు ఒలిచినట్టే అదీ ఒక పని, అంతే.

ఆ ఏడు మా మేక ఈనుతూ చచ్చిపోయింది. మిగిలిన పోతుపిల్లను మా అమ్మ బతికించింది. గుడ్డ వత్తిని ఆవుపాలల్లో ముంచి, ఒళ్లో పెట్టుకుని చీకించేది. అట్లా పాలు పడుతూనే, "దసరాకు నువ్వు మా కూరవే" అని దానితో చెప్పేది. అందులో వెటకారం లేదు, జాలి కూడా లేదు. ఉన్న మాట చెప్పినట్టు చెప్పేది. మా నాయన ఇల్లందు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. సెలవు దొరికితేనే బస్సెక్కి వచ్చేవాడు. దసరానాడు ఆయనా మేమూ ఒక్కచోట కూర్చుని కడుపునిండా తినాలని ఆమె ఆశ.

నాట్లు సాగుతుండగా అమ్మకు జ్వరం పట్టుకుంది. మొదట ఇంట్లోనే కషాయాలు పోశారు. తగ్గకపోతే ఎడ్లబండి మీద దవాఖానాకు తీసుకుపోయారు. అదే బండి మీద తిరిగి తీసుకొచ్చారు.

నాకు ఏడుపు రాలేదు. లోపల ఊడ్చిన ఇల్లులాగా ఖాళీగా ఉండేది. వచ్చేవాళ్లు వస్తున్నారు, నన్ను పట్టుకుని శోకం పెడుతున్నారు, నేను వాళ్ల ముక్కుపుడకలు, గాజులు చూస్తూ నిలబడేదాన్ని. మా మేనత్త భయపడింది. అమ్మ చీర తెచ్చి నా ఒళ్లో పడేసి, "ఏడువు బిడ్డా, ఏడిస్తే బరువు దిగుతది" అని బతిమాలింది. చీర పొగవాసన వేసింది. మడత పెట్టి పక్కన పెట్టాను. అప్పుడామె నా తొడ మీద గట్టిగా గిల్లింది కూడా. నొప్పి తెలిసింది కానీ కన్నీళ్లు రాలేదు. పిల్లకు గాలి సోకిందని ఆడవాళ్లు గుసగుసలు పోయారు.

మా తాత ఒక్కడే నన్ను ఏడవమని అనలేదు. కొమ్మలు కోసే దోటి భుజాన వేసుకుని వచ్చి, "పా, పోతుకు ఆకు తేవాలె" అన్నాడు. అడవి అంచుకు పోయాం. ఆయన దోటితో జువ్వి కొమ్మలు లాగుతుంటే నేను ఏరి మోపు కట్టాను. మరునాడూ పోయాం, ఆ మరునాడూ పోయాం. అమ్మ ఊసు ఎత్తేవాడు కాదు. ఒకరోజు మాత్రం మోపు నా నెత్తికెత్తుతూ, "దానికి మీయమ్మ పోయిన సంగతి తెల్వదు. ఆకలైతది, గంతే" అన్నాడు. ఆ మాట నాకు బాగుంది. ఎందుకు బాగుందో అప్పుడు తెలియలేదు.

అమ్మకు కర్మ చేసే పెద్దదినం దగ్గరపడింది. వచ్చినవాళ్లకు మాంసం పెట్టాలి. నాయన పెరట్లోకి ఒకసారి చూసి తల దించుకున్నాడు. అత్త మాత్రం, ఆ పోతును ముట్టొద్దు, వేరేది తెద్దామని పట్టుబట్టింది. తాత వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మీయమ్మ దీన్ని పండుగకు పెంచింది. పండుగదాకా ఆమె లేకపాయె. ఆమె పేరు మీద వచ్చినోళ్లకు పెడదామా, ఉంచుదామా? నువ్వు ఏదంటే గదే."

పెద్దవాళ్లు నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. వాకిట్లో అందరూ నా వైపే చూస్తున్నారు. ఉంచుదామంటే నిజంగానే ఉంచేవాడని ఆయన ముఖం చూస్తే తెలుస్తోంది.

"అమ్మ కూరకే అన్నది" అన్నాను.

"అవ్. అన్నది" అన్నాడు. "కోసేకాడ ఉంటవా, పక్కింటికి పోతవా?" అని అడిగాడు. ఉంటానన్నాను.

మా దగ్గర దేవతకు ఇచ్చేటప్పుడు మేక వీపు మీద నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు దులపరించేదాకా ఆగుతారు. దులపరిస్తే ఒప్పుకున్నట్టు. మా తాత ఇంటి కూరకైనా ఆ పద్ధతి తప్పేవాడు కాదు. ఆరోజు నీళ్లు చల్లారు. పోతు కదల్లేదు. నా చేతిలో మిగిలిన ఆకు నములుతూ నిలబడింది. ఎండ ఎక్కుతోంది, జల్దీ కానియ్యమని ఎవరో అన్నారు. తాత కత్తి కింద పెట్టి చేతులు మోకాళ్ల మీద ఆనించుకుని కూర్చున్నాడు. దాని తడి మూతి నా అరచేతిలో కదులుతుంటే నేను చూస్తూ ఉన్నాను. చాలాసేపటికి ఒళ్లంతా విదిలించింది. నీటి చుక్కలు నా ముఖం మీద పడ్డాయి. తాత తన తువ్వాలు దాని కళ్ల మీద కప్పాడు.

అంతా చూశాను. అప్పుడు కూడా లోపల ఏమీ కాలేదు.

మొదటి విస్తరి అమ్మ పేరున పెట్టారు. తర్వాత బంతిలో నాకూ వడ్డించారు. నేను తిన్నాను. కూర రుచిగా ఉంది. మళ్లీ వేయమని అడిగాను. అత్త గరిటె పట్టుకుని అట్లాగే ఆగిపోయి, "తల్లి పాయె, సాదిన పోతు పాయె, దీనికి ముద్ద ఎట్ల దిగుతున్నదో" అంది. నా చేయి విస్తట్లోనే ఉండిపోయింది.

తాత తన విస్తరి ముందునుంచి లేచి వచ్చి, గరిటె అందుకుని నాకు వడ్డించాడు. "తిననియ్యి. వాళ్లమ్మ దీని కడుపు నిండాలనే పెంచింది. ఏడుపు అందరికి ఒక్కదినమే రాదు" అన్నాడు. గొంతు పెంచలేదు. పోయి మళ్లీ తన చోట కూర్చున్నాడు. నేను తినడం పూర్తి చేశాను.

నా ఏడుపు వచ్చింది, చాలా నెలలకు. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్నాను. ఏ కారణమూ లేదు, ఎవరూ ఏమీ అనలేదు. ఒక్కసారిగా ఏడుపు పొంగుకొచ్చి చాప మీద పడి దొర్లాను. తాత అవతల తాడు పేనుతున్నాడు. లేచి రాలేదు. "వచ్చిందా" అన్నాడు. పేనుతూనే, నేను చాలించేదాకా అక్కడే కూర్చున్నాడు.

ఇప్పుడు నాకు మనవరాళ్లున్నారు. కూర కావాలంటే ఊళ్లోకే బండి మీద కోళ్లు వస్తాయి, మేకలు పెంచే ఇళ్లు తగ్గిపోయాయి. చావులు మాత్రం తగ్గవు కదా. చావు జరిగిన ఇంటికి పోయినప్పుడు ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు ఏడవడం లేదో నేను చూడను. నేరుగా పెరట్లోకి పోతాను. కట్టేసిన జీవానికి నీళ్లు పెట్టారో లేదో చూసి, పిల్లలు తిన్నారా అని అడుగుతాను. తినలేదంటే పొయ్యి వెలిగిస్తాను.