పుంటికూరకు కట్టిన గంజాయి అంటు

గేటు పక్క నర్సరీ వెనక పెరిగే పుంటికూర, అంటే గోంగూర, తింటే మత్తెక్కుతుందని మా బొగ్గుగనుల కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది పచ్చి అబద్ధం. పుట్టించింది నేనే కాబట్టి సరిచేయాల్సిందీ నేనే.

ఆ నర్సరీ నాది. అప్పటికి ముప్పై దాటాను. మామిడికైనా గులాబీకైనా నేను కట్టిన అంటు తప్పదని పేరు. ఆ పేరు నెత్తికెక్కింది. ఒక సాయంత్రం ఆదిలాబాద్ వైపు లారీ తోలే దోస్తు, గుడ్డలో చుట్టిన గంజాయి కొమ్మ తెచ్చి చూపించాడు. ఎవరి పత్తిచేను నడుమనో విరిచాడట.

"దీన్ని దేనికన్న అంటు కడ్తవా?"

"ఎందుకు కట్టరాదు?"

"అరె, మామిడి అనుకుంటున్నవా? నీతోని గాదు తియ్."

ఆ మాట చాలు నాకు. గంజాయి ఆకు, ముదిరిన పుంటికూర ఆకు రెండూ చేతివేళ్లలా చీలి ఉంటాయి. ఆకులు కలిశాయి కదా, అంటు కూడా కలుస్తుందనుకున్నాను. మామిడికి మామిడినే కట్టే నాకు ఆ రోజు బుర్ర పనిచేయలేదు. ఒక విషయంలో మాత్రం బాగానే పనిచేసింది. పోలీసులు వస్తే నా నర్సరీలో దొరకకూడదని, కంచెకు అవతల పెద్దమ్మ మడిలోని పుంటికూర మొక్కకు, ఆమెకు చెప్పకుండా కట్టాను. పెద్దమ్మ నాకు చుట్టం కాదు. మా చర్చికే వచ్చే, మా అమ్మ ఈడు ఆవిడ. ఆకుకూరలు అమ్ముకుని బతికేది.

పాలిథిన్ కవరు తొడిగితే కొమ్మ మూడు రోజులు పచ్చగా ఉంది. దోస్తును పిలిచి చూపించాను. "ఉస్తాద్‌వే!" అన్నాడు. నాలుగో రోజు వేలాడింది. ఐదో రోజు నల్లబడింది. పీకి పొయ్యిలో వేశాను. దోస్తు మళ్లీ వచ్చి అడిగితే చచ్చిపోయిందని చెప్పడానికి నోరు రాలేదు.

"కోసిన. మస్తు వచ్చింది. కింది పుంటికూరకు గూడ ఎక్కింది మత్తు" అన్నాను.

వారంలో ఆ మాట క్వార్టర్లన్నీ తిరిగింది. మొక్కకు కట్టిన ప్లాస్టిక్ పట్టీ విప్పడం మర్చిపోయాను. అది సాక్ష్యమైంది. కుర్రాళ్లు రెండేసి కట్టలు కొనుక్కుపోయి, వండుకు తిని, పళ్లు పులిసి మళ్లీ రాలేదు. రోజూ కొనే ఆడవాళ్లు గంపను దాటుకుని పోయారు.

"మా ఆయన డ్యూటీకి పోవాలె పెద్దమ్మా, నీ కూర తిని పండుకుంటే ఎట్ల?"

ఆ ఏడు చర్చిలో కోత పండుగ వచ్చింది. ఎవరి పంట వాళ్లు దేవుడికి తెస్తారు. ఆరాధన అయ్యాక వాటిని ఆవరణలో వేలం వేస్తారు. ఒక గుమ్మడికాయ కోసం కూడా పోటీపడి అరుస్తారు. పెద్దమ్మ తెచ్చిన పుంటికూర కట్టలు పైకెత్తితే ఒక్కరూ పాట పాడలేదు.

"తింటే ప్రార్థనల తూగుడే" అన్నారెవరో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె కట్టలు కొంగులో వేసుకుని వెళ్లిపోయింది. నేను నవ్విన ఆ నవ్వు నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

మర్నాడు వెళ్లి ఆమెతో అంతా చెప్పాను.

"నాకెందుకు చెప్తున్నవ్ కొడుకా? నా కూర సంగతి నాకు ఎర్కలేదా? పోయి వాళ్లకు చెప్పు."

ఆదివారం చర్చిలో నిలబడి చెప్పాను. అంటు బతకలేదనీ, కూరలో ఏమీ లేదనీ, తప్పంతా నాదేననీ చెప్పాను. బయటికొచ్చాక ఒక పెద్దాయన నా భుజం తట్టాడు.

"ముసలామె కోసం తప్పు మీదేసుకున్నవ్. మంచోనివి రా."

ఒక్కరూ నమ్మలేదు. పైగా నాకు మంచి పేరు.

అప్పటి నుంచి పెద్దమ్మ గంపతో బస్సెక్కి వేరే ఊరి అంగడికి పోతోంది. డెబ్బై దాటినా పోతూనే ఉంది. ఆ ఊళ్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. మొన్న బస్టాండులో కలిసినప్పుడు, జరిగింది జరిగినట్టు రాస్తున్నానని చెప్పాను.

"రాయి. గానీ నేను అమ్మే ఊరి పేరు మాత్రం పెట్టకు" అంది. "ఆడ గూడ సదువుకున్నోళ్లు ఉంటరు బిడ్డా."