బురద లేని వాగు

మా పెద్దమ్మకు తన తోడికోడలి మీదున్న కడుపుమంటంతా బురద గురించే.

సముద్రంలో కలిసే వాగులు రెండు. ఒకటి పారే లోయలో అడవిని నరికేశారు. రెండో లోయను పోలిక కోసం ముట్టుకోకుండా వదిలేశారు. చెట్లు పోతే నీళ్ళేమవుతాయో తేల్చే ఆ పరిశోధన పెద్దమ్మ పెళ్ళికి ముందే మొదలైంది. వాన పడినప్పుడల్లా వాగు నీళ్ళు సీసాల్లో పట్టి పరిశోధనశాలకు చేర్చడం పెద్దమ్మ అత్తారింటి కోడళ్ళిద్దరి ఉద్యోగం. నరికిన లోయ చిన్నకోడలికి వచ్చింది. ముట్టుకోనిది పెద్దమ్మకు.

చిన్నకోడలి సీసాల్లో అడుగున మట్టి పేరుకునేది. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి ఆవిడ వాగును చూసేవారు, ఫొటోలు తీసేవారు. పెద్దమ్మ వాగు దాకా ఒక్కరూ నడిచేవారు కారు.

"నీకేమ్మా, నీది సినిమా తారల వాగు," అనేది పెద్దమ్మ గొడుగు దులుపుతూ.

"పోనీ అక్కా, నా బురద కాస్త పంపించనా?" అని నవ్వింది ఒకరోజు ఆవిడ.

ఆ నవ్వు ముల్లులా దిగబడింది. మరుసటి వానకు పెద్దమ్మ వాగులో దిగి, కర్రతో అడుగంతా కలియబెట్టి సీసా నింపింది.

సీసా చేరగానే పరిశోధన నడిపే మేడమ్ పరుగున వచ్చింది. గట్టు పొడవునా తిరిగి, తడి రాతి మీద కూలబడింది. పెద్దమ్మ ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. తన వాగుకూ ఒక మనిషి వచ్చిందని ఆ కాసేపూ పెద్దమ్మ భూమ్మీద లేదు.

మేడమ్ టీ ముట్టలేదు. "గట్టు ఎక్కడా విరగలేదే! చెట్లున్నచోట కూడా ఇంత మట్టి వస్తే, అక్కడి బురద నరకడం వల్లేనని ఏ మొహం పెట్టుకుని చెప్పనమ్మా? ఇక పరిశోధనే మూసేయమంటారు పైవాళ్ళు."

పెద్దమ్మ ఫ్లాస్కు పక్కన పెట్టేసింది. "అది వాగు తప్పు కాదు మేడమ్. నేనే కర్రతో కలిపాను."

"ఎందుకూ?"

"మీరెవరూ ఇటు రారుగా!"

మేడమ్ సీసా పారబోసింది. ఉద్యోగం తీసేయలేదు గానీ, ఇకమీదట పెద్దమ్మ నీళ్ళు పట్టేటప్పుడు తోడికోడలు సాక్షిగా నిలబడాలని తేల్చి చెప్పింది.

తర్వాతి వానకు చిన్నకోడలు ఎగతాళి సిద్ధం చేసుకునే వచ్చింది. వచ్చి, వాగును చూసి మాట మరిచిపోయింది. అంత వానలోనూ అడుగున గులకరాళ్ళు కనిపిస్తున్నాయి.

"ఎంత బాగుందక్కా! కొన్నాళ్ళు మార్చుకుందామా?"

"అక్కర్లేదు. అటు తిరిగి నిలబడు."

"తిరిగితే సాక్ష్యం ఎలా చెప్పను?"

"నా చేతుల్ని చూడు చాలు," అంది పెద్దమ్మ, వాగుకు అడ్డంగా జరుగుతూ. "నీళ్ళని కాదు."