సరంగు గారు ఒడ్డుకు చేర్చిన పడవ

పోర్ట్‌బ్లెయిర్ పక్కనున్న ప్రోతరాపూర్ చరిత్ర రాసేవాడు ఇంకా పుట్టలేదు. పుడితే మాత్రం నేరుగా సరంగు గణేశ్వరరావు ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని కూర్చుని, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుపోవడమే. శ్రీకాకుళం పక్క పల్లెటూరి బడిలో ఐదో తరగతి పాసైన మనిషి. ఆ రోజుల్లో ఐదంటే ఇప్పటి డిగ్రీకి రెండింతలని సాక్ష్యం చెప్పింది కూడా ఆయనే. ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్‌లో దిగి, ఫెర్రీ బోట్ల మీద లస్కరుగా తాళ్లు లాగి, చివరికి సరంగై చుక్కాని పట్టాడు. సర్వీసు మొత్తంలో ఒక్క బోటు ముంచలేదు. రిటైరైన రోజు ఇచ్చిన గోడ గడియారం ఆగిపోయి చాలాకాలమైనా గోడ దిగలేదు. అది టైము చూసుకోవడానికి కాదు, ఎవరిచ్చారని వచ్చినవాళ్లు అడగడానికి.

ఈ ఘనతలన్నిటికీ పైన మనవరాలు లహరి. హైదరాబాదులో ఒక యూనివర్సిటీలో స్పానిష్ భాష, తులనాత్మక సాహిత్యం చదువుతోంది. చుట్టుపక్కల పేటల్లో, బతు బస్తీ నుంచి ఆస్టినాబాద్ దాకా, డాక్టర్లూ ఇంజనీర్లూ ఎవరిళ్లలో పడితే వాళ్లిళ్లలో ఉన్నారు. స్పానిష్ ఎవరింట్లో ఉంది?

ఎదురుగా కొట్టు పెట్టుకున్న రామ్‌ప్రసాద్‌కి మాత్రం ఇది మింగుడుపడలేదు.

"స్పానిష్ సదివి ఏటి సేస్తాది బాబాయ్? హేవ్‌లాక్ దీవిలో గోరా టూరిస్టులకి కొబ్బరిబొండాలు కొడతాదా?"

"నీ కొడుకు బీటెక్ సదివి ఏటి సేస్తన్నాడ్రా?"

"ఖాళీయే."

"మా పిల్ల ఖాళీగా ఉన్నా రెండు భాషల్లో ఉంటాది. పో, బేరం సూసుకో."

ఆఖరి సంవత్సరం ఒక స్పానిష్ కథనీ, తన మాతృభాషలోని ఒక కథనీ పోల్చి థీసిస్ రాయమన్నారు. మాతృభాష తెలుగు అని లహరి ధైర్యంగా ప్రకటించేసింది. మాట్లాడమంటే సగం హిందీ కలిపి గలగలా మాట్లాడుతుంది. చదవమంటే మాత్రం తన పేరు దగ్గరే ఆగిపోతుంది. దీవుల్లో పుట్టిన పిల్ల, తెలుగు ఇంట్లో విన్నదే గానీ బళ్లో చూసింది కాదు. అందుకని తాతకి ఫోన్ చేసింది.

"తాతా, మన దగ్గరున్న పాత కథల పుస్తకంలో పడవ కథ ఉంది కదా, అది చదివి వాయిస్ మెసేజ్ పెట్టు. ప్లీజ్, జల్దీ."

యూనివర్సిటీ తన సాయం కోరిందన్న వార్త ఫోన్ పెట్టేసేలోపే వీధి చివరికి చేరింది. గణేశ్వరరావు స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, రామ్‌ప్రసాద్ కొట్లోకి వినపడేలా వరండాలో కూర్చుని చదవడం మొదలెట్టాడు. దానయ్య అనే పడవవాడు పెళ్లాం చిన్నమ్మి వద్దన్నా వినకుండా సముద్రం మీదికి పోయాడు. గాలి తిరిగింది, తెరచాప చిరిగింది. చిన్నమ్మి ఒడ్డున నిలబడి చూస్తూనే ఉంది.

ఆఖరి పేజీ దగ్గర సరంగు గారి గొంతు ఆగింది. పుస్తకంలో పడవ మునుగుతోంది. వంటింటి గుమ్మంలో ఆయన భార్య గవరమ్మ, చేతిలో సగం తోమిన చేపతో, చెవి ఇటు వేసి నిలబడి ఉంది.

ఆయన ఓసారి దగ్గాడు. ఆ పడవకి అప్పటికప్పుడు డీజిల్ ఇంజను బిగించాడు. గాలికి ఎదురు ముక్కు తిప్పించాడు. క్షేమంగా ఒడ్డుకు చేర్చి, తాడు కట్టించి, దానయ్యకి చిన్నమ్మి చేత వేడివేడి అన్నం కూడా పెట్టించాడు.

"ఇందాకా తెరచాపన్నావు. ఇంజనెక్కడిదేటి?" అంది గవరమ్మ.

"రెండూ ఉంటాయే. బోట్ల సంగతి నీకేటి తెలుసు?"

అక్కడ లహరి ఆ మెసేజ్ విని పొంగిపోయింది. స్పానిష్ కథలో సముద్రం మనిషిని మింగేస్తుంది, తెలుగు కథలో తిరిగి ఇచ్చేస్తుంది, కనక తెలుగువాడి మనసులో సముద్రం అమ్మ. ఇలా ఒక అధ్యాయం. సంప్రదాయానికి తెరచాప, ఆధునికతకి ఇంజను ప్రతీకలంటూ ఇంకో అధ్యాయం. గైడు బెంగాలీ ఆయన. తెలుగు ముక్క రాదు గనక నిస్సంకోచంగా అద్భుతమన్నాడు.

సెలవులకి ఇంటికొచ్చిన లహరి వైవా ఇక్కణ్నుంచే, ఆన్‌లైన్‌లో. ముందురోజు సంబరంగా చెప్పింది.

"బయటి ఎగ్జామినర్ శారదాదేవి మేడమ్ తెలుగావిడే తాతా! ఆ పుస్తకం లైబ్రరీలో వెతికి మరీ చదివారట."

గణేశ్వరరావు కుర్చీలో సర్దుకున్నాడు. "ఒకేళ ఆవిడకి నచ్చకపోతే?"

"డిగ్రీ ఆగిపోతుంది. ఎందుకు నచ్చదు?"

ఆయన చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ అలవాటు కొద్దీ సర్వీసు రికార్డే బయటికొచ్చింది.

మర్నాడు బల్ల మీద లాప్‌టాప్ వెలిగింది. గైడు గారు పొగిడినంతసేపు పొగిడారు. తర్వాత శారదాదేవి తెలుగులో అడిగింది.

"లహరీ, ఈ కథలో దానయ్య చచ్చిపోతాడు. పడవకి ఇంజనే లేదు. నువ్వు ఏ పుస్తకం చదివావమ్మా?"

లహరి ఉన్నమాట చెప్పేసింది. "నేను చదవలేదు మేడమ్. నాకు తెలుగు చదవడం రాదు. తాత చదివి వినిపించారు."

లాప్‌టాప్ వెనకనుంచి గణేశ్వరరావు నేరుగా కెమెరా ముందుకొచ్చేశాడు.

"నమస్తే మేడమ్. గణేశ్వరరావు, రిటైర్డ్ సరంగు. సర్వీసు మొత్తంలో ఒక్క బోటు..."

"తాతా!"

"ఆ పడవని ముంచినాయన రచయిత. ఒడ్డుకి చేర్చినోణ్ని నేను. ఇందులో పిల్లదేటీ తప్పు లేదు మేడమ్. కొయ్యాలంటే నా పెన్షన్లో కొయ్యండి."

"మార్కులు పెన్షన్లో కోసే రూలు లేదండీ," అంది శారదాదేవి. "అసలు ఎందుకు మార్చారు?"

ఏ ప్రశ్నకైనా ఓ ఘనతతో జవాబు చెప్పే మనిషి, మొదటిసారి వెతుక్కున్నాడు. గుమ్మం వైపు చూశాడు.

"ఇంట్లో ఆడమనిసి వింటంది మేడమ్," అన్నాడు మెల్లిగా.

శారదాదేవి తీర్పు చెప్పింది. రెండు అధ్యాయాలూ కొట్టేసి మళ్లీ రాయాలి. కావాలంటే తాతగారు కథనెందుకు మార్చారో దాని మీదే రాసుకోవచ్చు. కానీ ముందు అసలు కథని లహరి తన కళ్లతో చదవాలి, ఆఖరి పేజీ మేడమ్‌కి చదివి వినిపించాలి. అప్పటిదాకా డిగ్రీ లేదు.

"బాబాయ్, ఇంజను ఫెయిలయిందంట?" అని కొట్లోంచే అరిచాడు రామ్‌ప్రసాద్. వాడి కొట్లో ఏ సరుకు లేకపోయినా వీధి వార్తలకి మాత్రం లోటుండదు.

మర్నాటి నుంచి ఎమ్మే విద్యార్థినికి ఐదో తరగతి ప్రొఫెసరు గారు ఆ సెలవులంతా అక్షరాలు దిద్దించారు. ఒత్తు తప్పితే బెత్తం కోసం చూసేవారు. ఒత్తు కుదిరితే ఆ ఘనత తమదే.

ఓ సాయంత్రం లహరి అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ ఆఖరి పేజీకొచ్చింది. "తె... ర... చాప చిరి... గింది."

"కళ్లు లాగుతాయమ్మా, ఇవాళ్టికి ఆపీ," అన్నాడు గణేశ్వరరావు.

"నహీ తాతా, ఇంకొంచెమే ఉంది."

"ఆ దానయ్య గాలికి ఎదురుగా తిప్పాలి గానీ..."

గవరమ్మ వచ్చి గుమ్మం మీద కూలబడింది. ఫెర్రీ రోజుల్లో ఆయన ఆలస్యమైన సాయంత్రాలన్నీ ఆవిడ కూర్చున్న చోటు అదే.

"సదవనీ," అంది. "మునిగితే మునిగింది. నువ్వు ఇంటికొచ్చీసినావు కదా."

లహరి చదివింది. పడవ మునిగింది. ఆ తర్వాత చాలాసేపు సరంగు గారు ఒక్క ఘనతా చెప్పలేదు. ప్రోతరాపూర్ చరిత్రలో అదీ మొదటిసారే.