తొమ్మిదోసారి పాడిన పల్లవి

2016 ఏప్రిల్. విజయవాడ నుంచి బదిలీ అయి, చల్లపల్లి దిగువన ఒక ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. సోమవారం గ్రీవెన్స్, అంటే జనం దగ్గర అర్జీలు తీసుకునే రోజు. ఆ సోమవారం కాలువ చివరి పల్లె నుంచి పదిహేనుమంది కూలి ఆడవాళ్లు డప్పుతో వచ్చి, వరండాలో కూర్చుని పాట అందుకున్నారు. పాటే తమ అర్జీ అన్నారు. దాన్ని కాగితం మీద పెట్టమని డిప్యూటీ ఇంజినీరు గారు నాకు చెప్పారు.

చరణాల నిండా కష్టాలే. ఉప్పునీళ్ల బోరు, మైలున్నర నడక, బిందె ఒరుసుకుని కమిలిన నడుము. వరసగా నంబర్లు వేసి రాసుకున్నాను. చరణం చరణానికీ వచ్చే పల్లవి మాత్రం పాట నడవడానికేలే అని వదిలేశాను. విషయం: తాగునీటి ఎద్దడి. రెండోనాటికల్లా పల్లెకు ట్యాంకరు వెళ్లింది. మంచి పని జరిగిందని డైరీలో కూడా రాసుకున్నాను.

మరుసటి సోమవారం మళ్లీ వచ్చారు. పాట ఎత్తే మరియమ్మ తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చింది.

"ఏవండీ గుమాస్తాగారూ, మా పాట రాసుకున్నారా, కునుకు తీశారా? ట్యాంకరు మేమెక్కడ అడిగాం?"

అర్జీ నకలు చదివి వినిపించాను. పల్లవి ఏదని అడిగింది. ఎనిమిదిసార్లు వచ్చింది కదమ్మా, అందుకే వదిలేశానన్నాను.

"ఎనిమిదిసార్లు చెప్పినా తమకి ఎక్కలేదని తొమ్మిదోసారి చెప్పడానికొచ్చామండి."

వెనకవాళ్లు నవ్వారు. ఆమె డప్పు లేకుండా, నింపాదిగా పాడింది.

"మూసిన తూము తెరవండయ్యో
మా వంతు నీళ్లు వదలండయ్యో"

అప్పుడు అడిగి తెలుసుకున్నాను. వాళ్ల మంచినీళ్ల చెరువులోకి కాలువ నీళ్లొచ్చే తూముకు, ఎగువన చేపల చెరువులున్న ఆసామి తాళం వేసుకున్నాడు. కాలువకు ఇక నాలుగు రోజులే నీళ్లు. ఈలోగా చెరువు నిండకపోతే వేసవంతా ట్యాంకరు కోసం ఎదురుచూపులే.

పల్లవినే మొదటి వాక్యంగా పెట్టి అర్జీ తిరగరాశాను. ఇంజినీరు గారు చదివి, ఈ ముక్క పోయినవారం ఎందుకు రాలేదని అడిగారు. నేను నోరు తెరిచేలోగా మరియమ్మ అందుకుంది.

"అప్పుడు మేమే సరిగ్గా పాడలేదండి."

మర్నాడు తూము దగ్గర, కాలువ చూసుకునే లస్కరు మా ఎదుటే తాళం పగలగొట్టాడు. కాలువకు నీళ్లు కట్టేసేలోపు చెరువు నిండింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ అర్జీ చేతికొచ్చినా, ఆ మనిషి తిరిగి తిరిగి ఏ మాట దగ్గరికొస్తున్నాడో ముందు చూసి, దానికింద గీత గీసేవాణ్ణి. ఆనాటి డైరీ పేజీలో పల్లవి, దానికింద మరియమ్మ పేరు ఉన్నాయి. నా తప్పు తన మీద వేసుకున్న మనిషికి ఆ రోజు కృతజ్ఞత చెప్పినట్టు మాత్రం ఎక్కడా రాసి లేదు. చెప్పలేదు కాబట్టే రాయలేదు. ఇప్పుడు చెబుతున్నాను.